కరువు వచ్చిననాటికి పిల్లకు ఎన్నేళ్లు?

నల్లగొండ, పాలమూరు జిల్లాల శ్రోతలకు నమస్కారం.

పిల్లల ఎదుగుదల అనగానే డాక్టరు, తూకం, టీకాలు గుర్తొస్తాయి. చరిత్ర పరిశోధకుడికి అక్కడేం పని అంటారేమో, చాలా పని ఉంది.

1929లో అమెరికాలో ఆర్థిక మాంద్యం మొదలై ఎన్నో ఇళ్లలో తండ్రుల కొలువులు పోయాయి. ఆ కాలంలో కాలిఫోర్నియా పిల్లల గురించి ఏళ్ల తరబడి రాసిపెట్టిన కాగితాలను గ్లెన్ ఎల్డర్ అనే సామాజిక శాస్త్రవేత్త తీసి చదివి, 1974లో పుస్తకం వేశాడు. 1920-21లో పుట్టిన ఓక్లాండ్ పిల్లలు మాంద్యం నాటికి కాస్త పెద్దవాళ్లు. ఇంటి పనికీ, చిన్న సంపాదనకూ చేయందించి చాలామంది నిలదొక్కుకున్నారు. తర్వాత ఆయన 1928-29లో పుట్టిన బర్క్‌లీ పిల్లలతో పోల్చి చూశాడు. మాంద్యం నాటికి పసివాళ్లైన వీళ్లలో, ముఖ్యంగా మగపిల్లల మీద, దెబ్బ గట్టిగా పడింది. కష్టం ఒకటే, తగిలిన వయసు వేరు.

ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మన నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు చూడండి. చిగుళ్ల లోపల శాశ్వత దంతాలు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ నీళ్లు తాగితేనే పళ్లు గారపడతాయి. మంచినీళ్ల ఊళ్లో పెరిగి ఇక్కడికి కోడలిగా వచ్చినామెకు పళ్లు బాగానే ఉండి, ఏళ్లు గడిచాక నడుము పట్టేయవచ్చు. ఏ వయసులో ఏ బావి నీళ్లు తాగిందో ఆమె చెబితేనే తెలుస్తుంది.

పాలమూరు వలసదీ ఇదే కథ. కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని అమ్మానాయిన పోతే, కొందరు పిల్లలు అవ్వ దగ్గర ఉండిపోయారు, కొందరు పని జాగాలోనే పెరిగారు. బడి హాజరు పట్టీలో దసరా దాటాక ఒక పేరు ఎదురుగా వరుసగా గైర్హాజరు గుర్తులే ఉంటే, దాన్ని ఆ ఏటి వానల లెక్కతో, అంగన్‌వాడీ తూకం పుస్తకంతో కలిపి చదవాలి.

ఇక్కడొక చిక్కుంది. పాత బడి రిజిస్టర్లలో చాలా పుట్టిన తేదీలు సారు అంచనాగా వేసిన జూన్ తేదీలే. ఏడాది రెండేళ్ల తేడా పెద్దవాళ్లకు లెక్క కాదు. పసిబిడ్డకు ఆ రెండేళ్లలోనే నడక, మాట వస్తాయి. అందుకే అవ్వను కూర్చోబెట్టి అడగాలి: “పోలీసు చర్య నాటికి పెద్దోడు నడుస్తుండెనా? చెరువు తెగిన ఏడు చిన్నది చంకల ఉండెనా?” ఇలా వయసు తేల్చడం చరిత్రకారుడికి తెలిసిన విద్య.

ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం. చెదలు పట్టిన పట్టీలను తూకానికి వేసే ముందు, కనీసం ఫోనుతో ఫొటోలు తీయించండి. ఇంట్లో అవ్వ ఉన్నవాళ్లు, ఏ బిడ్డ ఏ కరువులో పుట్టిందో, ఎప్పుడు పాలు మానిందో, ఎవరి దగ్గర పెరిగిందో అడిగి, ఊరి పేరుతో సహా నోటుబుక్కులో రాసిపెట్టండి.