నడుముకా, చేతికా? కుక్కతో స్కేటింగ్ ఎపిసోడ్

వాసంతి: ఎర్ర లైటు వెలిగింది, రికార్డ్ అవుతోంది. అందరికీ నమస్కారం, నేను వాసంతి.

కిరణ్: నేను కిరణ్. మా కుక్క బాదం కూడా ఇక్కడే ఉంది, టేబుల్ కింద.

వాసంతి: ఈసారి మైకు వైరు పైన కట్టాం. ఎందుకో పాత శ్రోతలకు తెలుసు. ఇవాళ్టి విషయం, కుక్కను స్కేట్ల చప్పుడుకు అలవాటు చేయడం. నీలం గొడుగు ఎపిసోడ్ తర్వాత దీని గురించే ఎక్కువమంది అడిగారు.

కిరణ్: నీలం గొడుగు గురించి నేను మాట్లాడను.

వాసంతి: వద్దులే. అలవాటు చేయడం పెద్ద విద్యేం కాదు, ఓపిక కావాలంతే. ముందు స్కేట్లను ఊరికే నేల మీద పెట్టండి. కుక్క వచ్చి వాసన చూసుకుంటుంది. తర్వాత చేత్తో కొంచెం దొర్లించండి, బెదరకుండా నిలబడితే తినడానికి దానికి ఇష్టమైనదేదైనా ఇవ్వండి. ఆ తర్వాత స్కేట్లు తొడుక్కుని కూర్చోండి. చివర్లో, ఇంట్లో ఇంకొకరు కుక్కను పట్టుకుని దూరంగా నిలబడితే మీరు మెల్లగా దొర్లండి. తోక ముడిచినా, పెదాలు నాకుతున్నా, ఊరికే ఆవలిస్తున్నా దానికి టెన్షన్‌గా ఉందని అర్థం. ఒక మెట్టు వెనక్కి రండి.

కిరణ్: చప్పుడు ఒక్కటే కాదు అక్కా. స్కేట్లు వేసుకుంటే మన ఎత్తు మారుతుంది, నడక పోయి జారుడు వస్తుంది. కుక్కకు అది కొత్త మనిషిలా అనిపిస్తుంది. పశువుల మందలు కాయడానికి పెంచిన జాతులైతే కదిలే చక్రం కనిపిస్తే చాలు, వెంటపడి మడమ కొరకబోతాయి.

వాసంతి: అందుకే ముందు మామూలు బూట్లతో నడవండి. కుక్క ఎప్పుడూ ఒకే వైపు ఉండాలి, లీష్, అంటే దాన్ని పట్టుకునే తాడు, వదులుగా ఉండాలి, ‘ఆగు’ అంటే ఆగాలి. ఇంకో కుక్క ఎదురొస్తే ‘పోదాం పద’ అనగానే పట్టించుకోకుండా దాటాలి. బూట్లతో కుదరనిది చక్రాల మీద అసలు కుదరదు.

కిరణ్: కుక్క ‘ఆగు’ నేర్చుకునే ముందు మనిషి నేర్చుకోవాలి.

వాసంతి: బ్రేకుల దగ్గరికి వచ్చేశాడు.

కిరణ్: రావాల్సిందే కదా! 1760లలో లండన్‌లో జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే ఆవిష్కర్త చక్రాల బూట్లు తొడుక్కుని, వయొలిన్ వాయించుకుంటూ విందులోకి...

వాసంతి: వెళ్లి పెద్ద అద్దాన్ని గుద్దుకున్నాడని చెబుతారు. శ్రోతలకు కంఠతా వచ్చు.

కిరణ్: ఆ బూట్లకు ఆగే దారీ లేదు, తిరిగే దారీ లేదు. ఒరిగిన వైపుకు తిరిగే స్కేట్లకు న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ పేటెంట్ తీసుకునేసరికి 1863 వచ్చింది. నూరేళ్లు! ఇప్పుడు మన స్కేట్లకు అన్నీ ఉన్నాయి, వాడటమే రావాలి. కుక్క లేకుండా, ఒంటరిగా, మీరు అనుకున్న చోట ఆగగలగాలి. అది రానంతవరకు లీష్ ముట్టుకోకండి.

వాసంతి: ఇందులో నాకు అభ్యంతరం లేదు. ఒక శ్రోత రాసిన ప్రశ్న చదువుతా. ‘మా కుక్క బలంగా లాగుతుంది. లీష్ నడుముకు కట్టుకోవచ్చా, చేత్తో పట్టుకోవాలా?’ చేత్తో. తర్వాతి ప్రశ్న.

కిరణ్: ఆగక్కా. చేత్తో ఎలా?

వాసంతి: ఎలా ఏముంది? ప్రమాదం అనిపిస్తే వదిలేయొచ్చు. నడుముకు కట్టుకుంటే కుక్క ఎటు వెళ్తే నువ్వూ అటే.

కిరణ్: వదిలేయొచ్చు అని కూర్చుని చెప్పడం సులువు. మనిషి పడబోతున్నప్పుడు చేతిలో ఏది ఉంటే దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. పైగా మణికట్టును కాపాడే రిస్ట్ గార్డ్ వేసుకున్నాక అరచేతి దగ్గర గట్టి ప్లాస్టిక్ ఉంటుంది, పట్టు సరిగ్గా దొరకదు. అది జారిపోతుందేమోనని చాలామంది లీష్‌ను చేతికి చుట్టుకుంటారు.

వాసంతి: చుట్టుకోకూడదు. మణికట్టుకు ఉచ్చులా వేసుకోవడం కూడా తప్పే. ఆ మాట వందసార్లు చెబుతా. పిడికిలిలో మడిచి పట్టుకోవాలి, వేళ్లు తెరిస్తే లీష్ వెళ్లిపోవాలి.

కిరణ్: కుక్క లాగే బలం ఎక్కడ పడుతుందో చూడు. చెయ్యి పక్కకు ఉంటుంది. కుక్క ఒక్కసారి ముందుకు దూకితే భుజం లాగుతుంది, ఒళ్లంతా ఆ వైపుకు తిరిగిపోతుంది. తుంటి దగ్గర వెడల్పాటి బెల్ట్‌కు కడితే ఆ లాగుడు శరీరం మధ్యలో, కిందికి పడుతుంది. మోకాళ్లు కొంచెం వంచి ఉంటే తట్టుకోవచ్చు. పరుగు పందేల్లో కుక్కను నడుముకు కట్టుకుని పరిగెత్తేవాళ్లు, మంచు మీద స్కీలతో వెళ్లేవాళ్లు వాడే పద్ధతి అదే కదా.

వాసంతి: పరిగెత్తేవాళ్ల కాళ్లకు నేల మీద పట్టు ఉంటుంది కిరణ్! మంచు మీద పడితే మంచు మీదే పడతావు. ఇక్కడ తారు, కాంక్రీటు. బూట్లతో ఉన్నప్పుడు కుక్క లాగితే కాలు నేలకు తన్ని నిలదొక్కుకుంటాం. చక్రాల మీద ఆ తన్ను దేనికీ ఆనదు. రోజూ దాన్ని ఆపే బలం మన కాళ్లది, స్కేట్లు వేసుకోగానే అది పోతుంది. ఇది తెలియక చాలామంది, ‘నా కుక్కను నేను పట్టుకోగలను’ అనుకుంటారు.

కిరణ్: నిజమే, నేనూ అదే అంటున్నా. పట్టుకోలేం కాబట్టే విడిపించుకునే దారి ఉండాలి. బెల్ట్‌కు ఒక్కసారి లాగితే తెరుచుకునే క్లిప్పు పెట్టుకోవాలి.

వాసంతి: క్లిప్పులన్నీ బరువు లాగుతున్నప్పుడు తెరుచుకోవు. మామూలు కొక్కెం బిగుసుకుపోతుంది. లీష్ బిగువుగా ఉన్నప్పుడే కదా మనకు దాంతో పని!

కిరణ్: బిగువు మీద కూడా తెరుచుకునేవి ఉన్నాయి. ఇంట్లో, నిలబడి, ఇంకొకరిని లీష్ పట్టుకుని లాగమనాలి. చూడకుండా, ఏ చేత్తో అయినా తెరవగలిగేదాకా చేయాలి. అలా పరీక్షించని బెల్ట్ వాడకూడదు, ఇది నేనూ ఒప్పుకుంటా.

వాసంతి: తెరిచాక? కుక్క వదులైపోయింది. అటు రోడ్డు ఉంటే?

కిరణ్: నువ్వు చేత్తో వదిలినా వదులైపోతుంది అక్కా.

వాసంతి: ఊఁ. అదీ నిజమే.

కిరణ్: కాబట్టి చోటు సంగతి ముందు తేల్చుకోవాలి. వాహనాలు రాని, వెడల్పాటి, నునుపైన, వాలు లేని దారి. వాలు మీద కుక్క లాగుడుకు మన బరువు కూడా తోడవుతుంది, అప్పుడు బ్రేకు...

వాసంతి: బ్రేకు, బ్రేకు.

కిరణ్: అవును, బ్రేకే! టో స్టాప్, అంటే బూటు ముందు కొసన రబ్బరు బ్రేకు, ఉన్న స్కేట్లలో, లాగుతున్నప్పుడు బొటనవేళ్ల మీదికి ఒరిగితే బోర్లా పడతాం. పాదాలు వెడల్పు చేసి మడమలు బయటికి తోస్తూ ఆగడం నేర్చుకోవాలి. చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండే ఇన్‌లైన్ స్కేట్లలో మడమ బ్రేకు. రెండూ చేతకాని వేళ, పక్కన గడ్డి ఉంటే ఒక పాదం ముందుకు పెట్టి, మోకాళ్లు వంచి అందులోకి వెళ్లిపోవాలి. గడ్డి పట్టేసుకుంటుంది.

వాసంతి: నేను మాత్రం నడుముకు ఒప్పుకోను. మొదటి రోజుల్లో అస్సలు ఒప్పుకోను.

కిరణ్: మొదటి రోజుల్లో కుక్కకూ స్కేట్ల మీదున్న మనిషికీ మధ్య లీషే వద్దంటాను నేను, ఇంకొకరు పట్టుకోవాలి.

వాసంతి: అక్కడ కలిశాం. అయినా చెయ్యే. పొట్టిగా, స్థిరంగా ఉండే లీష్. చక్రాల ముందుకు వేలాడేంత పొడవు వద్దు. లోపల తాడు చుట్టుకుని బయటికి వచ్చే రకం ఎవరూ వాడకండి. ఆ సన్నని తాడు వేళ్లను కోస్తుంది, పొడవు ఒక్కసారిగా పెరిగిపోతుంది.

కిరణ్: అది ఎవరూ వాడకూడదు. కాలర్‌కు కూడా కట్టకండి, గొంతు మీద పడుతుంది. భుజాల కదలికకు అడ్డం రాని, ఛాతీ మీద ఇంగ్లిష్ వై ఆకారంలో ఉండే హార్నెస్, అంటే ఒంటికి తొడిగే పట్టీలు, కావాలి. లీష్ వీపు వైపు తగిలించాలి. ఛాతీ దగ్గర తగిలించేవి కుక్కను పక్కకు తిప్పేస్తాయి, స్కేటింగ్‌కు పనికిరావు.

వాసంతి: హెల్మెట్, మోకాళ్లకు, మోచేతులకు ప్యాడ్లు, రిస్ట్ గార్డ్. పడేటప్పుడు చెయ్యి చాపడం సహజం, విరిగేది మణికట్టు దగ్గరే. ఇక్కడితో ఈ గొడవ ఆపేద్దాం. (కాసేపు మౌనం) ఇంకో ఉత్తరం ఉంది. ఒకామె ఐదు నెలల కుక్కపిల్లతో మొదలుపెట్టాలని రాశారు.

కిరణ్: వద్దు. ఎదిగే ఎముకల చివర్లు మెత్తగా ఉంటాయి, అవి గట్టిపడటానికి చాలా జాతుల్లో ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. పెద్ద జాతుల్లో ఇంకా ఆలస్యం. అప్పటిదాకా నడక, ఆట. అలవాటు చేసే పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

వాసంతి: ముసలి కుక్కల సంగతి కూడా చెప్పాలి. మా మల్లికి తుంటి నొప్పి వచ్చాక డాక్టర్ పరుగు మానిపించారు. స్కేట్ల సంచి జిప్పు చప్పుడు వింటే ఇప్పటికీ లేచి తలుపు దగ్గరికి వస్తుంది. నేను స్కేట్లు లోపల పెట్టి, చెప్పులేసుకుని దాంతో నడుస్తాను.

కిరణ్: మంచి పని అక్కా.

వాసంతి: అది ఆగమని ఎప్పుడూ చెప్పలేదు. కుక్కలు చెప్పవు. యజమాని ముందు వెళ్తుంటే కాళ్లు మండుతున్నా వెంట వస్తాయి. అందుకే ఎండ గురించి ఇంత పట్టుబడతాను. వాటికి చెమట మనలా పట్టదు, రొప్పి చల్లబడాలి. ఒంటి వేడి మామూలుగానే 38, 39 డిగ్రీల మధ్య ఉంటుంది, పరుగెత్తితే పెరుగుతుంది. 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. ముక్కు చప్పిడిగా ఉండే పగ్, బుల్‌డాగ్ లాంటివి ఆ రొప్పడం కూడా సరిగ్గా చేయలేవు. వాటితో స్కేటింగ్ వద్దు, నెమ్మదిగా నడవండి చాలు.

కిరణ్: నేల సంగతి?

వాసంతి: చేతి వెనక భాగం నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఉంచలేవు. గాలి చల్లగా అనిపించినా తారు కాలిపోతూ ఉండవచ్చు. కుక్కను గడ్డి అంచున, మట్టి మీద పరిగెత్తనిచ్చి మీరు గట్టి దారి మీద వెళ్తే రెండు విధాలా మంచిది, గరుకు నేలకు పాదాల తోలు అరగదు. నాలుక వెడల్పుగా వేలాడుతున్నా, లాలాజలం జిగటగా మారినా, తూలినా ఆట అయిపోయినట్టే. నీడకు తీసుకెళ్లి, చల్లని నీళ్లు ఒళ్లంతా పోసి, విసురుతూ చల్లబరచండి. ఆ తర్వాతే బండెక్కించి డాక్టర్ దగ్గరికి.

కిరణ్: ముందు చల్లబరచడం, తర్వాత ప్రయాణం. మళ్లీ చెప్పు అక్కా.

వాసంతి: ముందు చల్లబరచడం. కంగారులో అందరూ వెంటనే బండెక్కించి పరుగెత్తుతారు. ఇంకా, కడుపు నిండా తిన్న వెంటనే పరుగు పెట్టించకండి, నీళ్లు కొంచెం కొంచెంగా ఇవ్వండి. ఇదంతా పోయిన ఏడు చెప్పాను, మళ్లీ చెబుతాను.

కిరణ్: చెబుతూనే ఉండాలి. అసలు అనుకున్న విషయం, చప్పుడుకు అలవాటు చేయడం, పూర్తిగా చెప్పామా?

వాసంతి: మొదట్లో చెప్పాం. మెట్టు మెట్టుగా అన్నాం కదా.

కిరణ్: ఇంకొకరు కుక్కను పట్టుకున్నప్పుడు ఎంత దూరంలో నిలబడాలో చెప్పలేదు.

వాసంతి: కుక్క చెవులు నిక్కపొడుచుకోనంత దూరం. అది మన వైపు చూసి, మళ్లీ నేల వాసన చూసుకోగలిగితే దగ్గరికి రావచ్చు.

కిరణ్: ఆ దశలో కూడా మనిషి ఆగగలగాలి. కుక్కవైపు దొర్లుకుంటూ వచ్చి ఆగలేక దాన్ని గుద్దితే, పడ్డ శ్రమంతా వృథా.

వాసంతి: మెర్లిన్ దగ్గరికి వెళ్లకు.

కిరణ్: వెళ్లను. క్లిప్పు గురించి ఒక్కటే. నాలుగు రకాలు తెచ్చి టేబుల్ మీద పెట్టాను. నువ్వు లీష్ లాగు, నేను తెరుస్తాను, ఏది ఇరుక్కుంటుందో శ్రోతలు వినొచ్చు.

వాసంతి: ఇప్పుడా?

కిరణ్: ఇప్పుడే. గట్టిగా లాగు. (లోహం చప్పుడు) ఇది తెరుచుకుంది. విన్నావా?

వాసంతి: ఇంకా గట్టిగా లాగుతా, రెండోది పెట్టు. (బాదం అరుపు) బాదం, నువ్వు కాదు.

కిరణ్: దానికి లీష్ కనబడింది, బయటికి అనుకుంటోంది. తీసుకెళ్లాలి అక్కా, లేకపోతే ఊరుకోదు.

వాసంతి: తీసుకెళ్లు. మిగతా మూడు క్లిప్పులు వచ్చే వారం. నడుము గురించి మాత్రం నా మాట అదే.

కిరణ్: నా మాటా అదే. రికార్డింగ్ ఆపు.