గుర్రాలు లాగే గడ్డికోత యంత్రం: మెక్‌కార్మిక్ డీరింగ్ నంబర్ 9 రివ్యూ

నమస్కారం. ఈరోజు మనం చూడబోయే యంత్రానికి ఇంజను లేదు. పేరు మెక్‌కార్మిక్ డీరింగ్ నంబర్ 9. రెండు గుర్రాలు లాగుతుంటే ఇనుప చక్రాలు తిరుగుతాయి. ఆ బలమే పళ్లచక్రాల మీదుగా వెళ్లి, పక్కకు నేలబారుగా చాచిన పట్టీలో కత్తిని అటూ ఇటూ ఆడిస్తుంది. మెక్‌కార్మిక్, డీరింగ్ అనే పోటీ సంస్థలు 1902లో కలిసి ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌గా ఏర్పడ్డాయి. ఆ కంపెనీ 1939లో దీన్ని తెచ్చింది. అప్పటికే అమెరికా పొలాల్లోకి ట్రాక్టర్లు దిగిపోతున్నాయి. అలాంటి రోజుల్లో గుర్రాల కోసం ఇంత శ్రద్ధగా యంత్రం చేశారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పాత యంత్రం కొనబోతుంటే, ముందు అది నిజంగా నంబర్ 9 అవునా కాదా తేల్చుకోవాలి. పోత ఇనుప భాగాల మీద ఉబ్బెత్తుగా అంకెలు, అక్షరాలు ఉంటాయి. వైరు బ్రష్షుతో తుప్పు రాల్చి, సుద్దముక్కను పడుకోబెట్టి రుద్దండి, చక్కగా కనిపిస్తాయి. అయితే ఒక్క భాగం చూసి నిర్ణయానికి రావద్దు. ఏదైనా విరిగితే రైతులు మరో యంత్రం నుంచి ఊడదీసి బిగించుకునేవారు. సీటు మీద ఉన్న పేరునైతే అసలు లెక్కలోకి తీసుకోకండి. ఇంకో ముఖ్యమైన గుర్తు, పళ్లచక్రాలు. డీరింగ్ ఐడియల్ లాంటి పాత రకాల్లో అవి దుమ్ములోనే తిరిగేవి. నంబర్ 7, నంబర్ 9లలో మూసిన పెట్టెలో, నూనెలో మునిగి తిరుగుతాయి.

ఆ పెట్టె దగ్గరే మీ డబ్బు నిలిచేదీ, పోయేదీ. అడుగున ఉన్న బిరడా విప్పి నూనె కొద్దిగా దించి చూడండి. ముందు నీళ్లు కారినా, నూనె పాలలా తెల్లగా వచ్చినా లోపల నీరు చేరినట్టే. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం లాంటి చోట చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి పెట్టెనే పగలగొడుతుంది. పోత ఇనుమును అతకడం మామూలు వెల్డింగ్‌తో అయ్యే పని కాదు. పెట్టె పగిలి ఉంటే బేరం వదిలేయండి.

ఇప్పుడు కోత పట్టీ. యంత్రం నడిచేటప్పుడు గడ్డి ఈ పట్టీని వెనక్కి నెడుతుంది. అందుకే బయటి కొస లోపలి కొస కంటే కాస్త ముందుకు ఉండాలి. 5 అడుగుల పట్టీకి సుమారు అంగుళంపావు. కొసను చేత్తో వెనక్కి నెట్టి, దారం లాగి కొలవండి. వెనకబడి ఉంటే కీలు దగ్గరి పిన్నులు, బుష్షులు అరిగాయన్నమాట. వాటిని మార్చకుండా ఎంత పదును పెట్టినా గడ్డి తెగదు, నలుగుతుంది. కత్తి అటు కొసకూ ఇటు కొసకూ వెళ్లి ఆగినప్పుడు దాని మీది ప్రతి త్రికోణపు బ్లేడు గార్డుకు, అంటే పట్టీ మీద ముందుకు పొడుచుకువచ్చిన ఇనుప వేలికి, సరిగ్గా మధ్యలో నిలవాలి. అదీ చూడండి.

విడిభాగాలకు బెంగ అక్కర్లేదు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీలో ఉండే ఆమిష్ అనే సంప్రదాయ క్రైస్తవ వర్గం రైతులు ఇప్పటికీ గుర్రాలతోనే సేద్యం చేస్తారు కాబట్టి బ్లేడులు, గార్డులు, కత్తిని ఆడించే కర్ర కొత్తవి దొరుకుతున్నాయి. ఆ కర్ర చీలి ఉంటే మళ్లీ కర్రే వేయండి, ఇనుప కడ్డీ వద్దు. రాయి అడ్డుపడినప్పుడు కర్ర విరిగి మిగతా భాగాలను కాపాడుతుంది.

బిగిసిపోయిన బోల్టులను సుత్తితో కొట్టకండి. తుప్పు వదిలించే నూనె పోసి రెండు రోజులు ఓపిక పట్టండి. తర్వాత కొద్దిగా వేడి చేస్తే చాలావరకు కదులుతాయి.

నా తీర్పు అడిగితే, మెరిసే రంగు వేసిన యంత్రం కంటే తుప్పుపట్టినా పళ్లచక్రాలు బాగున్న నంబర్ 9నే తీసుకోమంటాను. నొగ మీద గానీ పెట్టె మీద గానీ పాత అక్షరాలు మిగిలి ఉంటే తుప్పు పోగొట్టడానికి ఇసుకను వేగంగా చిమ్మించి గీకించకండి. తుడిచి, అవిసె నూనె పలుచగా రాసి వదిలేయండి. రంగు తర్వాత ఎప్పుడైనా వేసుకోవచ్చు, ఆ అక్షరాలు పోతే మళ్లీ రావు.