లొకేషన్ కనిపెట్టే ఆట: ఫ్రెండ్స్‌తో ఆడేటప్పుడు పాయింట్లు ఎక్కడ పోతున్నాయి?

[తెర: నిర్మానుష్యమైన తారు రోడ్డు. రెండు పక్కలా పొడి గడ్డి, దూరంగా చెట్లు. పైన టైమర్ 60 నుంచి తగ్గుతోంది.]

నమస్కారం. ఈ రోడ్డు ప్రపంచంలో ఎక్కడిదో చెప్పడానికి 60 సెకన్లు టైముంది. ఊరి పేరున్న బోర్డు లేదు, అడగడానికి మనిషి లేడు. శ్రీకాకుళంలో ఇద్దరు, విజయనగరంలో ఒకరు, చదువుకోడానికి హైదరాబాద్ వెళ్లిన ఇంకొకరు ఉన్నా, నలుగురూ ఎవరింట్లో వాళ్లు కూర్చుని కలిసి ఆడుకునే ఆట ఇది. నేర్చుకోడానికి ఐదు నిమిషాలు చాలు. పాయింట్లు పోయేది మాత్రం ఎక్కువగా రెండు చోట్ల: దేన్ని ముందు చూడాలో తెలియకపోవడం, పిన్ను ఆలస్యంగా పెట్టడం. ఈ వీడియోలో ఆ రెండూ సరిచేసుకుందాం.

ఈ తరహాలో బాగా పేరున్నది జియోగెసర్. స్వీడన్‌కి చెందిన ఆంటోన్ వాలెన్ 2013లో తయారుచేశారు. ఓపెన్‌గెసర్, వరల్డ్‌గెసర్, జియోటాస్టిక్ కూడా ఇలాంటివే. అన్నింట్లోనూ పద్ధతి ఒకటే. గూగుల్ స్ట్రీట్ వ్యూలో, అంటే కెమెరా పెట్టిన కార్లు రోడ్ల మీద తిరిగి తీసిన ఫొటోల్లో, ఏదో ఒక చోట మిమ్మల్ని దింపుతుంది. చుట్టూ చూసి, మ్యాప్ మీద పిన్ను పెట్టాలి. అసలు చోటుకి ఎంత దగ్గరైతే అన్ని పాయింట్లు. రౌండుకి 5,000, ఐదు రౌండ్లకి 25,000.

[తెర: శ్రీకాకుళం నుంచి మూడు గీతలు బయల్దేరతాయి: విశాఖ, హైదరాబాద్, బ్యాంకాక్.]

స్కోరు లెక్క ఒక్కసారి బుర్రకెక్కితే మీ ఆట అక్కడే మారిపోతుంది. ప్రపంచ మ్యాప్‌లో ఆడుతున్నారు, మిమ్మల్ని శ్రీకాకుళంలో దింపింది అనుకుందాం. పిన్ను విశాఖలో పెట్టారు. సరళ రేఖలో చూస్తే దాదాపు 100 కిలోమీటర్ల తేడా. అయినా సుమారు 4,675 వస్తాయి. హైదరాబాద్‌లో పెట్టినా 3,400 దాకా వస్తాయి. అదే చెట్లూ ఎండా చూసి బ్యాంకాక్ అనుకుంటే 1,450 దగ్గర ఆగిపోతుంది. ఐదు వేల కిలోమీటర్లు తప్పితే 200 కూడా రావు. అంటే దేశం సరిగ్గా పట్టుకుంటే సగానికి పైగా పని అయిపోయినట్టే. ఊరు కోసం చివరి నిమిషం దాకా వెతికి, టైమర్ అయిపోయి, పిన్నే పెట్టకుండా సున్నా తెచ్చుకునేవాళ్లు చాలామంది. అందుకే మొదటి నియమం: దేశం మీద అనుమానం తగలగానే పిన్ను పెట్టేయండి. గెస్ బటన్ నొక్కేదాకా పిన్నుని ఎన్నిసార్లయినా జరుపుకోవచ్చు.

[తెర: రూమ్ సెట్టింగ్స్ పేజీ.]

రూము కట్టడం తేలికే. ఒకరు హోస్టుగా ఉండి పార్టీ తెరవాలి, మ్యాపు ఎంచుకోవాలి, లింకు కాపీ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఉచితంగా ఎంత ఆడనిస్తారు, హోస్టుకి ఖాతా కావాలా అన్నది సైటుని బట్టి ఉంటుంది. కాబట్టి అందరినీ ఆట మొదలవడానికి ముందే లాగిన్ అయి ఒక రౌండు ఒంటరిగా ఆడి చూడమనండి. తొమ్మిదింటికి ఆట అనుకుని తొమ్మిదిన్నర దాకా పాస్‌వర్డులు వెతుక్కునే బాధ ఉండదు.

సెట్టింగ్స్‌లో అసలు ఆలోచించాల్సింది టైమరు. నలుగురిలో ఒకరు మొబైల్ డేటా మీద ఆడుతుంటే వాళ్లకి బొమ్మ మొదట మసగ్గా వచ్చి, తర్వాత తేటపడుతుంది. అందరికన్నా నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లని బట్టి టైము పెట్టండి: కొత్తవాళ్లుంటే మూడు నిమిషాలు, రోడ్డు మీద ముందుకు వెళ్లనివ్వండి. చెయ్యి తిరిగాక నో మూవ్ పెట్టండి. అక్కడే నిలబడి తల తిప్పి చూడొచ్చు, అడుగు మాత్రం వెయ్యకూడదు. దానికి ఒక నిమిషం సరిపోతుంది. కదలడం, తల తిప్పడం, జూమ్ చేయడం ఏదీ లేని ఎన్ఎంపీజెడ్ జోలికి మొదటి రోజే వెళ్లకండి, కొత్తగా వచ్చినవాళ్లకి విసుగొస్తుంది.

రెండు జట్లుగా ఆడేటప్పుడు స్క్రీన్ షేర్‌తో జాగ్రత్త. షేర్ చేసినవాళ్ల మ్యాపు అవతలి జట్టుకి కూడా కనిపిస్తుంటే ఆట అక్కడితో చెడిపోయినట్టే. జట్టుకో వాయిస్ కాల్ విడిగా పెట్టుకోండి. గూగుల్‌లో వెతకొచ్చా లేదా అన్నది కూడా ముందే తేల్చుకోండి. వద్దనుకోవడమే మంచిదని మా అభిప్రాయం. బోర్డు మీది పేరు టైపు చేసి పట్టుకుంటే ఎదురుగా ఉన్న రోడ్డుని ఎవరూ చూడరు.

[తెర: దిక్సూచి దగ్గరగా. ఎర్ర కొన ఉత్తరం వైపు.]

ఇక చూసే వరస. ముందు సూర్యుడు, తర్వాత బండ్లు ఏ పక్కన వెళ్తున్నాయో, ఆ తర్వాత అక్షరాలు, చివర చెట్లూ మట్టీ. దిక్సూచిలో ఎర్ర కొన ఉత్తరం చూపిస్తుంది. మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణం వైపు ఉంటే ఉత్తరార్ధగోళం, ఉత్తరం వైపు ఉంటే దక్షిణార్ధగోళం. సూర్యుడు కనిపించకపోతే నీడ చూడండి, అది ఎదురు దిక్కుకి పడుతుంది.

దీనికి ఒక మెలిక ఉంది, అది మనకి మన ఆకాశంలోనే కనిపిస్తుంది. శ్రీకాకుళం అక్షాంశం సుమారు 18.3 డిగ్రీలు, కర్కటరేఖకి ఇవతల. అందుకే మే మూడో వారం నుంచి జులై ఆఖరి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి ఉంటాడు. ఫొటో ఆ రోజుల్లో తీసిందైతే మన దేశాన్నే దక్షిణార్ధగోళం అనుకుని ఆస్ట్రేలియాలో పిన్ను పెట్టే ప్రమాదం ఉంది. గుర్తు ఏంటంటే, అప్పుడు నీడ చాలా పొట్టిగా, చెట్టు మొదట్లోనే పడుతుంది. నీడ పొట్టిగా ఉంటే సూర్యుడి సాక్ష్యం పక్కన పెట్టి, అక్షరాల దగ్గరికి వెళ్లిపోండి.

ఎడమ పక్కన నడిపే దేశాలు తక్కువే. మన దేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, థాయ్‌లాండ్, మలేసియా, ఇండోనేసియా, జపాన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా, కెన్యా. ఇంకొన్ని ఉన్నాయి గానీ ఇవి నోటికి వస్తే మీ రౌండ్లలో ఎక్కువ భాగం గడిచిపోతుంది.

[తెర: ఆరు లిపుల్లో షాపు బోర్డులు పక్కపక్కన.]

అక్షరాల దగ్గర ఉత్తరాంధ్ర వాళ్లకి ఒక అనుకూలం ఉంది. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు తిరిగినవాళ్లకి ఒడియా అక్షరం కొత్త కాదు. అక్షరం పైన గొడుగులా గుండ్రటి వంపు ఉంటే ఒడియా. పైన అడ్డగీతతో, కింద కోసుగా మూడు మూలల ఆకారాలుంటే బెంగాలీ. కన్నడంతో మనవాళ్లు తడబడతారు, ఎందుకంటే సగం చదవగలుగుతాం. తెలుగు తలకట్టు టిక్కు గుర్తులా పైకి లేస్తుంది. కన్నడ తలకట్టు అడ్డంగా సాగి కుడి చివర కొక్కెంలా తిరుగుతుంది. జూమ్ చేసి తలకట్టు ఒక్కటే చూడండి, చదవడానికి ప్రయత్నించకండి.

బెంగాలీ కనిపించగానే బంగ్లాదేశా, పశ్చిమ బెంగాలా? ఫోన్ నంబరు చూడండి. 01తో మొదలై 11 అంకెలుంటే బంగ్లాదేశ్. మన సెల్ నంబరు 10 అంకెలు. ఒకే బోర్డు మీద సింహళం, తమిళం, ఇంగ్లిష్ మూడూ ఉంటే శ్రీలంక. అక్షరాల మొదట్లో బుల్లి సున్నాలుంటే థాయ్.

ఇంగ్లిష్ అక్షరాల్లా కనిపించే భాషల్లో అక్షరం మీది గుర్తే ఆధారం. ఎన్ మీద అల ఉంటే స్పానిష్. ఏ మీదా ఓ మీదా అల ఉంటే పోర్చుగీస్. అప్పుడు రోడ్డు మధ్య గీత పసుపైతే బ్రెజిల్ వైపు మొగ్గండి. ఎల్‌కి అడ్డంగా గీత కొడితే పోలండ్. చుక్క లేని చిన్న ఐ టర్కీది. ఓని కోసుకుంటూ ఏటవాలు గీత ఉంటే డెన్మార్క్ గానీ నార్వే గానీ, రోడ్డు మధ్య గీత పసుపైతే నార్వే. యూరప్‌లో ఎక్కువ చోట్ల ఆ గీత తెలుపే.

[తెర: మొదట చూపించిన రోడ్డు మళ్లీ. టైమర్ 60. జట్టు మాటలు వినిపిస్తాయి.]

– ఒరే, సూర్యుడెటున్నాడు?
– నార్తు. నీడ బానే పొడుగుంది.
– అయితే కింద అర్ధగోళమే. బండి ఏ పక్క ఎల్తంది?
– ఎడం పక్క.
– జామాయిల్ చెట్లురా, మన దగ్గరున్నట్టే ఉన్నాయి.
– రోడ్డు పక్క గుంజలు సూడు. ఎడం పక్కదానికి ఎర్ర బిళ్ల, కుడి పక్కదానికి తెల్ల బిళ్ల.
– ఆస్ట్రేలియా. పిన్ను పెట్టేస్తన్నాను, ఊరు ఆనక సూద్దాం.

[తెర: టైమర్ 37 దగ్గర ఆగుతుంది.]

సరైన ఆట ఇది. ఒక్కొక్కరు ఒక్కో వస్తువు చూశారు, ఒకరు మ్యాపు పట్టుకున్నారు, ఇంకా 37 సెకన్లు మిగిలాయి. ఇందులో జామాయిల్ ఒక్కదాన్నే నమ్ముకుంటే మునిగేవాళ్లు. ఆస్ట్రేలియా చెట్టే అయినా దాన్ని ప్రపంచమంతా నాటారు. తోటగా నాటినచోట మన దగ్గర లాగే ఒకే ఎత్తులో, వరసల్లో ఉంటుంది. ఆస్ట్రేలియా అడవిలో వరస ఉండదు, పక్కపక్క చెట్లే లావూ సన్నం, వంకరా తిన్నగా కలిసి ఉంటాయి.

మిగిలిన టైములో ఆస్ట్రేలియాలో ఎక్కడో తేలకపోతే ఏం చెయ్యాలి? సిడ్నీలో పెట్టారు, అసలు చోటు పెర్త్ అయింది. వచ్చేది 550. అడిలైడ్ దగ్గర పెడితే అసలు చోటు సిడ్నీ అయినా సుమారు 2,300, పెర్త్ అయినా 1,200 వస్తాయి. రెండు చోట్ల మధ్య తేల్చుకోలేనప్పుడు మధ్యలో పెట్టడం పిరికితనం కాదు, లెక్క. అయితే ఆధారం ఒకవైపు బలంగా ఉంటే మాత్రం మధ్యలో ఆగకండి.

స్ట్రీట్ వ్యూ కారుని బట్టి దేశం పట్టేవాళ్లూ ఉంటారు. కెన్యాలో పాత ఫొటోల్లో కారు ముందు నల్లటి గొట్టం నిలువుగా కనిపిస్తుంది. ఘనా కారు మీది కడ్డీకి నల్ల టేపు చుట్టి ఉంటుంది. మంగోలియాలో కారు మీద గుడారం సామాను ఉంటుంది. ఇవి సరదాగా ఉంటాయి, పనికొస్తాయి కూడా. కానీ వీటితో మొదలుపెట్టకండి. సూర్యుడూ లిపీ వచ్చాక వీటి వంతు.

జియోగెసర్‌లో ఇద్దరు ఎదురెదురుగా పోటీపడే డ్యూయెల్స్ గురించి ఒక్క మాట. ఇద్దరికీ 6,000 ప్రాణం ఉంటుంది. రౌండులో ఇద్దరి స్కోరుకీ ఎంత తేడా వస్తే అంత తక్కువొచ్చినవాళ్ల ప్రాణంలోంచి పోతుంది, రౌండ్లు పెరిగేకొద్దీ దెబ్బ పెద్దదవుతుంది. మొదట ఒకరు గెస్ నొక్కగానే అవతలివాళ్లకి కొద్ది సెకన్లే మిగులుతాయి. దేశం మీద నమ్మకం కుదిరితే త్వరగా నొక్కండి.

[తెర: గూగుల్ మ్యాప్‌లో పసుపు బొమ్మని లాగుతుంటే నీలం గీతలు వెలుగుతాయి.]

మన ఊళ్లు ఎందుకు తగలవని చాలామంది అడుగుతారు. గూగుల్ 2011లో బెంగళూరులో స్ట్రీట్ వ్యూ ఫొటోలు తియ్యడం మొదలుపెడితే పోలీసులు ఆపించారు. చివరికి 2022 జులై 27న టెక్ మహీంద్రా, జెనెసిస్ సంస్థలతో కలిసి హైదరాబాద్ సహా పది నగరాల్లో మన దేశంలో స్ట్రీట్ వ్యూ వచ్చింది. వీధి స్థాయి ఫొటోలు దేశీయ సంస్థలే తియ్యాలన్నది 2021 నాటి మార్గదర్శకాల్లోని షరతు. అందుకే అంతకు ముందు తయారైన మ్యాపుల్లో భారత్ దాదాపు ఉండదు. మన దేశం కావాలంటే ఈ మధ్య అప్‌డేట్ అయిన మ్యాపు ఎంచుకోండి.

అంతకన్నా మంచిది, శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల ఆట మీరే తయారుచేసుకోవడం. కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, కుడివైపు కింద ఉన్న పసుపు బొమ్మని పట్టుకుని లాగండి. నీలం గీతలు రోడ్డు పొడవునా ఫొటోలున్నాయని, నీలం చుక్కలు ఎవరో పెట్టిన విడి ఫొటోలని అర్థం. ఒక చోట దిగి, నాలుగు దిక్కులకీ నాలుగు స్క్రీన్‌షాట్లు తియ్యండి. లింకు మాత్రం పంపకండి, అందులోనే అక్షాంశాలు ఉంటాయి. స్క్రీన్ పైన మూల ఊరి పేరు, ఫొటో తీసిన నెల కనిపిస్తాయి, వాటిని కత్తిరించెయ్యండి. అందరూ జవాబిచ్చాక అసలు చోటు మీద రైట్ క్లిక్ కొట్టి, దూరం కొలిచే ఆప్షన్ నొక్కి, వాళ్లు చెప్పిన చోటు మీద క్లిక్ చేస్తే కిలోమీటర్లు వచ్చేస్తాయి. కిలోమీటరు లోపైతే 10, ఐదు లోపైతే 7, పదిహేను లోపైతే 4, నలభై లోపైతే 1.

విజయనగరం గంటస్తంభం, అరసవల్లి గుడి పెట్టకండి, చూడగానే చెప్పేస్తారు. కొబ్బరి, జీడి తోటలు కలిసి కనిపించే ఉద్దానం రోడ్డు, రోడ్డు పక్క గ్రానైట్ దిమ్మలు పడి ఉన్న టెక్కలి చుట్టుపక్కల, నౌపడ ఉప్పు మడులు, సాలూరు వైపు వెళ్లే జాతీయ రహదారి 26 మీద కొండలు దగ్గరయ్యే మలుపు, ఇలాంటివి వెతకండి. ఆడేవాళ్లు మైలురాయి రంగు చూడాలి. పైభాగం పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, నారింజ అయితే పల్లె రోడ్డు. షాపు బోర్డు కింద పిన్‌కోడ్ 532తో మొదలైతే శ్రీకాకుళం వైపు, 535 అయితే విజయనగరం వైపు. పాత ల్యాండ్‌లైన్ నంబరు ముందు 08942 ఉంటే శ్రీకాకుళం, 08922 ఉంటే విజయనగరం.

ఇక్కడే రాజాం దగ్గర అందరూ పడతారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. రాజాం పిన్‌కోడ్ ఇప్పటికీ 532తోనే మొదలవుతుంది, పాత బోర్డుల మీద శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది. బోర్డు మీది జిల్లా పేరు చూసి నాగావళి అవతలికి పరిగెత్తకండి, కింది లైనులో ఊరి పేరుందేమో చూడండి.

చోటు ఎంచినవాళ్లు ఆ రౌండు ఆడకూడదు, తర్వాతి రౌండుకి ఇంకొకరు ఎంచాలి. స్క్రీన్‌షాట్‌లో ఎవరి ముఖమైనా, ఇంటి నంబరైనా మసక పడకుండా కనిపిస్తుంటే ఆ చోటు వదిలేసి ఇంకోటి తీసుకోండి.