తెలియనిదానికి ముందు పేరు పెట్టండి

(జాతీయ గణిత దినోత్సవం నాడు పదో తరగతి విద్యార్థులకు, తల్లిదండ్రులకు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

పిల్లలూ, ముందు ఒక లెక్క. మీ నాన్నగారు ఒకాయనకి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చారు. పదిహేను నెలల తర్వాత అసలూ వడ్డీ కలిపి 65,000 రూపాయలు వచ్చాయి. ఇచ్చిన అసలు ఎంత?

క్లాసులో ఎప్పుడడిగినా చాలామంది ఇలా చేస్తారు. నెలకి రెండు చొప్పున పదిహేను నెలలకి నూటికి 30. 65,000లో 30 శాతం అంటే 19,500. తీసేస్తే 45,500. గుణకారం సరే, తీసివేత సరే. జవాబే తప్పు. వడ్డీ లెక్కగట్టింది 65,000 మీద కాదు, అసలు మీద. ఆ అసలే మనకి తెలియదు. తెలియదు కాబట్టే దానికో పేరు పెడతాం, ఎక్స్ అని. అసలు ఎక్స్, వడ్డీ 0.3 ఎక్స్, రెండూ కలిపి 1.3 ఎక్స్. అది 65,000 అయితే ఎక్స్ 50,000. 'దేని మీద' అన్న ఒక్క ప్రశ్న వేసుకోకపోతే నాలుగున్నర వేలు తేడా!

రాత లెక్కలంటే టెన్షన్ పడే పిల్లల్ని ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. వాళ్లకి కూడికలూ భాగహారాలూ బాగానే వచ్చు. ఆగిపోయేది వాక్యం దగ్గర. అమ్మలూ నాన్నలూ, మీ పిల్లలకి లెక్కలు రావనకండి. లెక్కని ఇంకోసారి చదివించండి, తెలియనిది ఏదో వేలు పెట్టి చూపించమనండి.

మన భాషకి ఈ లెక్కలు కొత్తేమీ కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలిసిన మూడు సంఖ్యలతో నాలుగోది పట్టుకోవడాన్ని మన పెద్దలు త్రైరాశికం అన్నారు. అదే మీ పుస్తకంలోని అనుపాతం.

అయితే త్రైరాశికం వేసేముందు కాస్త ఆగాలి. ఆరుగురు కూలీలు నాలుగు రోజుల్లో నాట్లు పూర్తిచేస్తే ఎనిమిది మందికి ఎన్ని రోజులు? మనుషులు పెరిగితే రోజులు తగ్గుతాయి. మొత్తం పని 24 కూలి రోజులు, ఎనిమిదితో భాగిస్తే మూడు. మరి ఒక రేకు ఇడ్లీ పది నిమిషాల్లో ఉడికితే అదే పాత్రలో నాలుగు రేకులకి నలభై నిమిషాలా? మీ అమ్మని అడగండి. అక్కడ అనుపాతమే లేదు.

ఇక త్రికోణమితి. నాకు చాలా ఇష్టమైన భాగం ఇది, చెట్టెక్కకుండా చెట్టుని కొలవడం. ఎండలో ఒక మీటరు కర్ర నిలబెట్టండి. దాని నీడ 80 సెంటీమీటర్లు, అదే సమయంలో కొబ్బరి చెట్టు నీడ 9.6 మీటర్లు ఉంటే చెట్టు ఎత్తు 12 మీటర్లు. మబ్బు పట్టిందా? చదరపు కాగితాన్ని మూల నుంచి మూలకి మడవండి, 45 డిగ్రీల కోణం వస్తుంది. అడుగు అంచుని నేలకి సమంగా పట్టుకుని, ఏటవాలు అంచు మీదుగా చెట్టు కొన కనిపించేదాకా వెనక్కి నడవండి. 45 డిగ్రీలైతే కంటికి పైనున్న ఎత్తూ, చెట్టు దూరమూ సమానం. కాబట్టి చెట్టు నుంచి మీరున్న దూరం 10.5 మీటర్లయితే, దానికి మీ కంటి ఎత్తు కలపాలి. కన్ను మీటరున్నర ఎత్తులో ఉంటే మళ్లీ 12 మీటర్లే. ఆ కంటి ఎత్తునే ఎక్కువమంది మర్చిపోతారు.

మరి చెట్టు మొదలు దాకా వెళ్లలేకపోతే? మన స్కూలు వెనక కాలువ ఉంది, అవతలి గట్టున వాటర్ ట్యాంకు. ఇవతల ఒకచోట నిలబడి చూస్తే దాని పైఅంచు 30 డిగ్రీల కోణంలో కనిపించిందనుకోండి. నేరుగా 20 మీటర్లు ముందుకి నడిస్తే 60 డిగ్రీలైంది. ఇక్కణ్నుంచి ట్యాంకు దూరం తెలియదు, దానికి ఎక్స్ అని పేరు పెడదాం. ఎత్తుని దూరంతో భాగిస్తే వచ్చేది టాన్; 60 డిగ్రీలకి అది రూట్ 3, 30 డిగ్రీలకి ఒకటి బై రూట్ 3. కాబట్టి కంటికి పైన ఉన్న ఎత్తు దగ్గరి చోటు నుంచి చూస్తే ఎక్స్ ఇంటూ రూట్ 3. మొదటి చోటు నుంచి చూస్తే ఎక్స్‌కి 20 కలిపి రూట్ 3తో భాగించాలి. రెండూ ఒకే ఎత్తు కాబట్టి 3 ఎక్స్ అంటే ఎక్స్ ప్లస్ 20. ఎక్స్ 10 మీటర్లు, కంటికి పైన ఎత్తు సుమారు 17.3 మీటర్లు. దీనికీ మీ కంటి ఎత్తు కలపడం మర్చిపోకండి. కాలువ దాటకుండానే దూరమూ ఎత్తూ రెండూ తెలిసిపోయాయి. బీజగణితం, త్రికోణమితి ఇక్కడ ఒకే లెక్కలో కలిశాయి.

నేను చెప్పిన కోణాలు మీకు తేలిగ్గా ఉండాలని ఎంచుకున్నవి. అసలు కోణాలెంతో మనమే కొలుద్దాం. టేపు, దారం కట్టిన కోణమానినులు తెచ్చాను. భోజనాలయ్యాక నలుగురు చొప్పున జట్లు కట్టి కాలువ గట్టుకి రండి. తల్లిదండ్రులు కూడా రావాలి, టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒకరు కావాలి.