ఎపిసోడ్ 31: అంబులెన్స్ ఎక్కేలోపు

అక్క: ఎర్ర లైటు వెలిగింది, మొదలెడదాం. అందరికీ నమస్తే. ఈ వారం విషయం ముందే చెప్పాం కదా. మలేరియా ముదిరిపోయి వచ్చిన అయిదేళ్లలోపు పిల్లల్ని పీహెచ్‌సీ నుంచి పెద్దాసుపత్రికి పంపే ముందు ఏమేం చేయాలి అని. పాడేరు, చింతపల్లి, రంపచోడవరం, మారేడుమిల్లి, ఇటువైపు వాన పట్టుకుందంటే...

తమ్ముడు: ముందు తూకం.

అక్క: నమస్తే దగ్గరే ఉన్నాం ఇంకా!

తమ్ముడు: ఉంటే ఉన్నాం. తూకం తెలియకుండా మీరు చెప్పబోయే మోతాదుల్లో ఒక్కటీ ఎవరికీ పనికిరాదు అక్కా. చిన్నపిల్లల త్రాసు లేకపోతే తల్లి బిడ్డనెత్తుకుని పెద్ద త్రాసు ఎక్కాలి. తర్వాత ఒక్కతే ఎక్కాలి. తీసెయ్యాలి. అంతే.

అక్క: సరే, అయింది. ఏ మలేరియాని "ముదిరింది" అంటామో చెప్తాను. టెస్టు పాజిటివ్. దానికి తోడు బిడ్డ పాలు పట్టడం లేదు, తాగింది తాగినట్టు కక్కేస్తోంది, ఫిట్స్ వచ్చాయి, మగతగా పడుంది, లోతుగా రొప్పుతోంది, అరచేతులు తెల్లకాగితంలా ఉన్నాయి, మూత్రం డికాషన్ రంగులో వస్తోంది. వీటిలో ఏ ఒక్కటున్నా మాత్రలిచ్చి ఇంటికి పంపే కేసు కాదు.

తమ్ముడు: స్పృహ సంగతి?

అక్క: పెద్దవాళ్ల స్పృహ కొలిచే గ్లాస్గో స్కేలు మాటలు రాని పిల్లలకు కుదరదు. బ్లాంటైర్ స్కేలు వాడాలి. మలావీలో ఈ పిల్లల కోసమే తయారు చేశారు. కళ్లు అమ్మ ముఖం వెంట తిరుగుతున్నాయా, దానికి 1. రొమ్ము ఎముక మీద నొక్కితే చేయి సరిగ్గా అక్కడికే తెస్తే 2, గోరు మీద పెన్సిల్‌తో నొక్కినప్పుడు వెనక్కి లాక్కుంటే 1. ఏడుపు సరిగ్గా ఉంటే 2, మూలుగు మాత్రమే అయితే 1. మొత్తం 5. 2 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే కోమా. ఫిట్స్ ఆగీ ఆగగానే లెక్కేయకండి. షుగర్ చూడకుండా అసలు లెక్కేయకండి.

తమ్ముడు: షుగర్ ఎంతుంటే తక్కువ?

అక్క: అయిదేళ్లలోపు పిల్లలకు డెసిలీటరుకి 54 మిల్లీగ్రాముల కంటే తగ్గితే. పెద్దవాళ్లకు 40. ఈ తేడా చాలామందికి తెలియదు. 48 వస్తే "పర్లేదులే" అనేస్తారు. పర్లేదు కాదు. క్రిమి గ్లూకోజు తింటోంది, బిడ్డ నిన్నటి నుంచి ఏమీ తినలేదు, కాలేయంలో నిల్వ అయిపోయింది. 10 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజు నీళ్లు, కిలోకి 5 ఎంఎల్, నిదానంగా నరంలోకి. 10 శాతం సీసా లేదా? 5 శాతం మూడు వంతులు, 25 శాతం ఒక వంతు కలపండి, సరిగ్గా 10 వస్తుంది. పది కిలోల బిడ్డకి 37.5, 12.5. మొత్తం 50 ఎంఎల్.

తమ్ముడు: పది కిలోలని ఎలా తెలిసింది?

అక్క: తూచాం తమ్ముడూ, తూచాం. నరం దొరక్కపోతే చెంచాడు పంచదారని రెండు చుక్కల నీళ్లతో తడిపి నాలుక కింద పెట్టండి. పావుగంటకోసారి మళ్లీ పెట్టండి. స్పృహ లేని బిడ్డ నోట్లో నీళ్లు మాత్రం పోయొద్దు.

తమ్ముడు: ఈలోపు బయట తాత అంటాడు, "అమ్మా, ఒక బాటిల్ ఎక్కించండి" అని.

అక్క: వద్దు. ఆ బాటిల్ జోలికి ఇవాళ పోవద్దు.

తమ్ముడు: పోవాలి. నేను సీరియస్‌గానే అడుగుతున్నా. బిడ్డ చేతులు చల్లగా ఉన్నాయి, నాడి పీచుగా కొట్టుకుంటోంది, రొప్పుతోంది. అందరూ చదివింది షాక్ అనే కదా? కిలోకి 20 ఎంఎల్ సెలైన్ గబగబా ఎక్కించమనే కదా పుస్తకం?

అక్క: ఆ పుస్తకాన్ని 2011లో ఫీస్ట్ ట్రయల్ తిరగరాసింది. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లలు. అందరికీ తీవ్ర జ్వరం, రక్తప్రసరణ దెబ్బతిన్న లక్షణాలు. సగం కంటే ఎక్కువ మందికి మలేరియా. కొందరికి సెలైనో, అల్బుమిన్ అనే రక్తపు ప్రోటీన్ ద్రవమో వేగంగా ఎక్కించారు. కొందరికి మామూలుగా రోజువారీ ద్రవమే. 48 గంటల్లో వేగంగా ఎక్కించిన వాళ్లలో నూటికి పదిన్నర మంది పోయారు. ఎక్కించని వాళ్లలో 7.3. ట్రయల్ మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది.

తమ్ముడు: అక్కడ వెంటిలేటర్లు లేవు కదా అక్కా. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే తీసే దిక్కు లేదు. ఐసీయూ ఉంటే ఫలితం వేరేగా ఉండేదని వాదించినవాళ్లు చాలామంది.

అక్క: మన పీహెచ్‌సీలో వెంటిలేటర్ ఉందా?

తమ్ముడు: లేదు.

అక్క: మరి ఆ ట్రయల్ మన కోసమే చేసినట్టు. పైగా తర్వాత చావుల్ని ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే, ఎక్కువ తేడా ఊపిరితిత్తుల నీటి వల్ల రాలేదు. గుండె, రక్తప్రసరణ కుప్పకూలడం వల్ల వచ్చింది. ఎక్కించిన నీళ్లు తొలి గంటలో బాగున్నట్టే కనిపించాయి. నాడి బాగుపడింది, చేతులు వెచ్చబడ్డాయి. తర్వాత పోయారు. దీన్ని నేను తేలిగ్గా చెప్పలేను.

తమ్ముడు: ...

అక్క: కారణం ఏంటంటే, ఈ పిల్లలు నీళ్లు పోగొట్టుకోలేదు. క్రిమి పట్టిన ఎర్రకణాలు సన్న రక్తనాళాల గోడలకు అంటుకుని దారి మూసేశాయి. రక్తం తగ్గిపోయింది. ఆక్సిజన్ అందని కణజాలంలో ఆమ్లం పెరిగింది. ఆ రొప్పు అదే. మూసుకుపోయిన కాలవకి పైనుంచి నీళ్లు వదిలితే మడి తడుస్తుందా?

తమ్ముడు: మరి విరేచనాలతో ఎండిపోయి, దాంతో పాటు మలేరియా ఉంటే?

అక్క: అది వేరు. విరేచనాల కేసుల్ని ఆ ట్రయల్‌లో తీసుకోలేదు. కళ్లు గుంటలుపడి, పొట్ట చర్మం గిల్లితే నిదానంగా వెనక్కి వెళ్తుంటే డీహైడ్రేషన్ లెక్కన వైద్యం చేయాల్సిందే. నిజంగా షాక్ కనిపించిందీ అంటే బ్యాక్టీరియా కూడా రక్తంలో ఉందేమో అనుకోండి. అసలు ముదిరిన మలేరియా ఉన్న పిల్లలందరికీ సెఫ్ట్రయాక్సోన్ లాంటి యాంటీబయాటిక్ మొదలెట్టాలి. హిమోగ్లోబిన్ 5 గ్రాముల కంటే తక్కువైతే కావాల్సింది రక్తం, ఉప్పునీళ్లు కాదు.

తమ్ముడు: ఒప్పుకుంటున్నా. కానీ తాత ఒప్పుకోడు. బాటిల్ వేలాడకపోతే వైద్యమే చేయలేదంటాడు, డోలీ కట్టుకుని నాటువైద్యం దగ్గరికి పోతాడు. అదీ చావే.

అక్క: బాటిల్ వేలాడనివ్వు. నేను వద్దన్నది వేగం. ఒక పనిచేయండి. డీఎన్‌ఎస్, అంటే గ్లూకోజు కలిసిన సెలైన్ పెట్టండి, షుగర్ కూడా నిలుస్తుంది. పది కిలోల బిడ్డకి గంటకి 40 ఎంఎల్. పిల్లల డ్రిప్ సెట్టులో 60 చుక్కలు ఒక ఎంఎల్, కాబట్టి నిమిషానికి 40 చుక్కలు. లెక్క గుర్తుపెట్టుకోనక్కర్లేదు, గంటకి ఎన్ని ఎంఎలో నిమిషానికి అన్ని చుక్కలు. పెద్దవాళ్ల సెట్టు 20 చుక్కలదైతే నిమిషానికి 13. అక్కడే ప్రమాదం. గొట్టం మీద వేగం తిప్పే చక్రం కాస్త వదులైతే అర లీటరు గంటలో దిగిపోతుంది. ఎనిమిది కిలోల బిడ్డకి అర లీటరంటే కిలోకి 62 ఎంఎల్.

తమ్ముడు: ట్రయల్‌లో మొదట ఎక్కించిన 20కి మూడింతలు.

అక్క: అంబులెన్స్ ఘాట్‌లో కుదుపులకి ఆ చక్రం ఎవరూ చూడరు. అందుకే బాటిల్ కింద ఉండే కొలత గొట్టం, బ్యూరెట్‌లో, గంటకి సరిపడా మాత్రమే నింపి, పైన క్లాంప్ మూసేయండి. మరిచిపోయినా అంతకు మించి దిగదు.

తమ్ముడు: దీనికీ మూలం తూకమే. "వయసుకి నాలుగు కలిపి రెండుతో గుణించు" అంటారు, మూడేళ్లకి 14 కిలోలు. మన్యంలో మూడేళ్ల బిడ్డ పదే తూగొచ్చు. ఫిట్స్‌కి డయాజిపామ్ వెనకదారిన, అంటే మలద్వారంలో, కిలోకి 0.5 మిల్లీగ్రాము కదా. 5 ఇవ్వాల్సింది 7 ఇస్తాం. ఊపిరి ఆగేది అందుకే.

అక్క: నిజం. ఇందులో నీతో వాదన లేదు. మలేరియా ఇంజెక్షన్ ఆర్టెసునేట్ దగ్గర మాత్రం అంచనా కాస్త ఎక్కువైనా భయం లేదు, తక్కువైతేనే భయం.

తమ్ముడు: హమ్మయ్య, విషయానికొచ్చాం. ఎంత టైముంది?

అక్క: నాలుగు నిమిషాలు. గబగబా చెప్తాను. 20 కిలోల లోపు పిల్లలకి కిలోకి 3 మిల్లీగ్రాములు. ఆపై తూకానికి 2.4. మన దేశం 2013 మలేరియా డ్రగ్ పాలసీలో అందరికీ 2.4 అనే ఉంది, డబ్ల్యూహెచ్‌వో 2015లో చిన్నపిల్లలకి పెంచింది. పాత చార్టు గోడ మీదుంటే చూసుకోండి.

తమ్ముడు: కలపడం నేను చెప్తా. 60 మిల్లీగ్రాముల వయల్‌లోకి ముందు సోడియం బైకార్బొనేట్ 1 ఎంఎల్. తేటగా అయ్యేదాకా రెండు మూడు నిమిషాలు ఊపాలి. తొందరపడి సెలైన్ ముందు పోస్తే పొడి సరిగ్గా కరగదు. తేటపడ్డాక నరానికైతే సెలైన్ 5 ఎంఎల్, తొడ కండకైతే 2. అప్పుడు నరానికి ఎంఎల్‌కి 10 మిల్లీగ్రాములు, కండకి 20. మసకగా ఉంటే పారేయాలి.

అక్క: గంట దాటినా పారేయాలి. రాత్రి డోసుకని ఫ్రిజ్‌లో దాచొద్దు, సగం మిగిలినా సరే. 0, 12, 24 గంటలకి, ఆ తర్వాత రోజుకొకటి. బిడ్డ మింగగలిగినా కనీసం ఆ మూడూ పడాలి. ఆ తర్వాత మూడు రోజుల ఏసీటీ, అంటే ఆర్టెమిసినిన్ జాతి మందుతో ఇంకో మందు కలిసిన మాత్రలు, పూర్తిగా వేయాలి. చాలాచోట్ల తెగేది ఇక్కడే. ఇంజెక్షన్లకి కళ్లు తెరిచింది కదా అని ఇంటికి పంపేస్తారు, పదిహేను రోజుల్లో జ్వరం మళ్లీ.

తమ్ముడు: ఇంటికి వెళ్లాక రక్తం కూడా చూడాలి. 7, 14, 28 రోజులకి హిమోగ్లోబిన్. ఆర్టెసునేట్ తర్వాత కొందరిలో ఎర్రకణాలు ఆలస్యంగా విచ్చిపోతాయి.

అక్క: అవును. ఆశ కార్యకర్తకి తేదీలు రాసిచ్చి పంపండి. ఆ వారాల్లో ర్యాపిడ్ టెస్టు మాత్రం మళ్లీ చేయొద్దు, క్రిమి వదిలే హెచ్‌ఆర్‌పీ2 ప్రోటీన్‌ని పట్టే ఆ గీత జబ్బు తగ్గాక కూడా వారాల తరబడి వస్తూనే ఉంటుంది. రక్తం స్లైడు మైక్రోస్కోప్‌లో చూడాలి.

తమ్ముడు: వెనకదారిన పెట్టే ఆర్టెసునేట్ క్యాప్సూల్ సంగతి?

అక్క: ఆరేళ్లలోపు పిల్లలకే, కిలోకి 10 మిల్లీగ్రాములు, ఒక్కసారే. ఇంజెక్షన్ చేసేవాళ్లు లేనిచోట. పెట్టి పిర్రలు పది నిమిషాలు దగ్గరగా పట్టుకోవాలి, అరగంటలోపు బయటికొస్తే మళ్లీ పెట్టాలి. కానీ అది పెట్టాక బిడ్డ లేచి ఆడుకుంటే ఇంట్లోవాళ్లు ప్రయాణం మానేస్తారు. అదే...

తమ్ముడు: కాంగో, నైజీరియా, ఉగాండాల్లో చూసింది అదే కదా. క్యాప్సూల్ అందింది, తర్వాతి వైద్యం అందలేదు.

అక్క: దానికి గంట కావాలి. ఇప్పుడు కుదరదు. పెద్దాసుపత్రికి పంపే స్లిప్పు మీద ఏం రాయాలో ఒక్కటి చెప్పి ఆపేద్దాం. ఆర్టెసునేట్ ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకి. డయాజిపామ్ ఇచ్చుంటే అదీ టైముతో. చివర చూసిన షుగర్. ఇవి లేకపోతే పైవాళ్లు మళ్లీ మొదట్నుంచి...

తమ్ముడు: తూకం.

అక్క: తూకం కూడా. అన్నిటికంటే పైన రాయండి. దారిలో బిడ్డని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి... అదిగో, బ్యాటరీ గీత ఎర్రబడింది.

తమ్ముడు: ఆ క్యాప్సూల్‌ని 30 డిగ్రీల లోపు ఉంచాలని చెప్పలేదు, సైకిల్ పెట్టెలో పెడితే ఎండకి...