మా నాన్నకి వేసిన సున్నా

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, పనులు మానుకుని ఈ సాయంత్రం బ్రాడీపేట దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. మనిషి ఆలోచనని తర్కం గీసిన గీతతో కొలవొచ్చా అన్న విషయం మీద మాట్లాడమన్నారు. కొలవాలనే నేనంటాను. ఎవరు కొలవాలి, ఎప్పుడు కొలవాలి అన్నదగ్గరే నాకు పేచీ. ముందు మా నాన్న సంగతి చెప్పనివ్వండి, ఏళ్ల తరబడి కడుపులో దాచుకున్నది.

మాది మిరప పండించే ఇల్లు. ఒకసారి రైతులకి శిక్షణ అని పిలిచి, మొదట ఓ పరీక్ష పెట్టారు. కుర్ర ఆఫీసరొకాయన ఫారం చూసి చదివాడు: ‘వాన పడితే మిర్చి ధర తగ్గుతుంది. వాన పడింది. ధర ఏమవుతుంది?’

నాన్న, ‘ఏ వాన బాబూ? కాయ చెట్టున ఉండగానా, కల్లంలో ఆరబోశాకా?’ అన్నాడు. ఆఫీసరు మళ్లీ అదే చదివాడు. ‘కల్లంలో తడిస్తే రంగు పోద్ది, తాలు ఎక్కువవుద్ది. ఆ కాయకి ధర పడిపోద్ది. తడవని కాయ ఉన్నోడికి మటుకు యార్డులో పెరుగుద్ది. నీకు దేని ధర కావాల?’

ఆయన సున్నా వేశాడు. పక్కన ‘తర్కజ్ఞానం తక్కువ’ అని రాశాడు. ఆ అక్షరాలు నా కళ్లారా చదివాను.

రూత్ బర్న్ అనే పరిశోధకురాలు 1989లో చూపించింది ఇదే. ‘ఇదైతే అది’ అన్న సూత్రానికి ఇంకో షరతు కూడా ఉండొచ్చని తెలిస్తే, చదువుకున్నవాళ్లు కూడా ఆ ముగింపుకి రావడానికి వెనకాడతారు. ఆ షరతులు నాన్నకి ఎవరూ చెప్పక్కర్లేదు, బతుకంతా వాటితోనే.

అంతకుముందు 1931–32లో లూరియా అనే రష్యన్ శాస్త్రవేత్త ఉజ్బెక్ పల్లెలకి వెళ్లాడు. మంచుండే ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లనివి, నోవయా జెమ్ల్యా అక్కడే ఉంది, మరి అక్కడి ఎలుగులు ఏ రంగు అని అడిగాడు. చూడనిదాని గురించి మేం మాట్లాడం అన్నారు చాలామంది. తర్కం రాదనే అందామా? మన పాతకాలపు తర్కశాస్త్రం, న్యాయదర్శనంలో, అనుమానానికి, అంటే కనిపించినదాన్నిబట్టి కనిపించనిదాన్ని తేల్చడానికి, ఐదు అవయవాలు, అంటే ఐదు భాగాలు, అందులో ఉదాహరణ ఒకటి. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పుందంటే సరిపోదు, వంటింట్లోలాగా అని కళ్లతో చూసినదాన్ని చూపించాలి. ఆ కొలతతో చూస్తే, చూసిన సాక్ష్యం కావాలన్న ఆ ఉజ్బెక్ రైతుకి సున్నా ఎలా వేస్తారండీ?

అయితే అసలు కొలతే వద్దనేవాళ్లూ ఉన్నారు. 2011లో ఎల్కయామ్, ఎవాన్స్ అనే ఇద్దరు, మనుషులు ఎలా ఆలోచిస్తారో వర్ణించడమే మనస్తత్వశాస్త్రం పని, తప్పొప్పులు తేల్చడం మానేద్దాం అన్నారు. నేను ఒప్పుకోను. యార్డులో కాటా ఉండాల్సిందే, కాకపోతే దాంతో రంగు తూచకూడదు.

డాక్టర్లు ఎవరైనా వచ్చారా? చేతులెత్తండి, మొహమాటం వద్దు. మీకో లెక్క. వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బు. పరీక్ష ఆ ఒక్కరినీ పట్టుకుంటుంది, కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో నూటికి ఐదుగురికి కూడా ఉందని చూపిస్తుంది. రిపోర్టు పాజిటివ్ వచ్చినవాడికి జబ్బు నిజంగా ఉండే అవకాశమెంత? 1978లో అచ్చయిన ఓ అధ్యయనంలో హార్వర్డ్ ఆసుపత్రుల్లో 60 మంది డాక్టర్లనీ విద్యార్థులనీ అడిగితే 27 మంది 95 శాతం అన్నారు. సరైన జవాబు చెప్పినవాళ్లు 11 మంది. వెయ్యిమందిలో సుమారు 50 మంది ఊరికే పాజిటివ్, నిజంగా ఉన్నవాడు ఒక్కడు. 2 శాతం కూడా లేదు!

ఇక్కడ ‘ఆ డాక్టరు ఆలోచనా తీరు అది’ అని ఊరుకుందామా? రాత్రంతా నిద్రపోనిది రోగి. మందుల ఖర్చూ రోగిదే. జవాబు తప్పైతే ఎదుటివాడు నష్టపోయే చోట కొలత గట్టిగా ఉండాలి. నాన్న జవాబుతో ఎవరికీ పైసా నష్టం లేదు, అయినా సున్నా పడింది ఆయనకే.

టైమైందని అధ్యక్షులవారు చూస్తున్నారు, ఒక్క నిమిషం. డాక్టరు బాబులూ, రోగికి శాతాలు చెప్పకండి, వెయ్యిమందిలో ఎంతమందో చెప్పండి. ఇక్కడున్న మాస్టార్లు ప్రశ్న కింద ‘ఎందుకు?’ అని రాసి రెండు గీతల ఖాళీ వదలండి. పిల్లవాడు అక్కడ రాసింది చదివాకే మార్కు వేయండి.