రంగు వేయని మేడ: డ్రేటన్ హాల్

అందరికీ నమస్కారం. షార్లట్ నుంచి సౌత్ కారొలైనాలోని చార్ల్‌స్టన్‌కు సముద్రం చూడటానికి వెళ్లని తెలుగు కుటుంబం ఈ హాల్లో లేదనుకుంటాను. ఈసారి వెళ్లినప్పుడు ఊరికి కొద్ది మైళ్ల ఇవతల, ఆష్లీ నది ఒడ్డున ఆగమని అడగడానికే ఇవాళ మాట్లాడుతున్నాను. అక్కడ డ్రేటన్ హాల్ అనే ఇటుక మేడ ఉంది.

లోపలికి వెళితే ఒక్క కుర్చీ కూడా కనిపించదు. మంచం లేదు, తెరలు లేవు. కరెంటూ కుళాయీ ఆ గదుల్లోకి ఎప్పుడూ రాలేదు. గోడల మీద పాత రంగు పెచ్చులు లేచి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు, ఇంత పేరున్న ఇంటిని ఇలా వదిలేశారేమని బాధపడ్డాను. వదిలేయలేదనీ, కావాలనే అలా ఉంచారనీ తర్వాత తెలిసింది.

జాన్ డ్రేటన్ 1738లో ఈ స్థలం కొన్నాడు. ఇల్లు కూడా అప్పుడే మొదలైందని చాలాకాలం అనుకున్నారు. అటక దూలాల్లోని వలయాలను, అంటే చెట్టులో ఏటా ఒకటి చొప్పున ఏర్పడేవాటిని, పోల్చి చూస్తే, ఆ చెట్లు కొట్టింది 1747-48 చలికాలంలో అని తేలింది. దూలాలు మార్చి కొత్తవి వేసి ఉంటే ఆ సంగతి మనకు దక్కేదా? ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో పద్ధతిలో, ముందు రెండంతస్తుల స్తంభాల వసారాతో కట్టారు.

ఆ డబ్బు ఎక్కడిది? చాలావరకు వరి నుంచి వచ్చింది. డ్రేటన్‌కు ఎన్నో చోట్ల పంట పొలాల ఎస్టేట్లుండేవి, వాటన్నిటికీ ఈ మేడ కేంద్రం. మనం వరి ఎరిగినవాళ్లం. గట్టు పోయడం, తూము పెట్టడం, మోకాలి లోతు బురదలో రోజంతా వంగి ఉండటం అంటే ఏమిటో మన పెద్దవాళ్ల నడుములకు తెలుసు. కారొలైనా చిత్తడి నేలల్లో ఆ పనంతా చేసింది బానిసలుగా పట్టి తెచ్చిన ఆఫ్రికన్లు, వాళ్ల పిల్లలు. పశ్చిమాఫ్రికాలో తరతరాలుగా వరి పండించిన జాతుల వాళ్లు వారిలో ఉన్నారు. కూలీ లేదు, వెళ్లిపోయే దారి లేదు. ఈ మేడ అందాన్ని మెచ్చుకునే ప్రతిసారీ ఈ మాట కూడా చెప్పి తీరాలని నా పట్టుదల.

1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసే వేళకు ఆష్లీ ఒడ్డున ఉన్న చాలా మేడలు తగలబడ్డాయి. ఇది మిగిలింది. పక్కనున్న రెండు చిన్న కట్టడాల్లో ఒకటి 1886 భూకంపానికి, రెండోది 1893 తుపానుకు పోయాయి. ఆ మధ్యకాలంలో ఇక్కడి నేలలో ఎరువులకు పనికొచ్చే ఫాస్ఫేట్ తవ్వి, ఆ ఆదాయంతో ఇంటిని నిలబెట్టుకున్నారు. 1989లో హ్యూగో తుపానును కూడా తట్టుకుంది.

ఏడు తరాలు ఆ కుటుంబం చేతిలోనే ఉన్న ఇల్లు 1974లో చారిత్రక కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది. అప్పుడొక పెద్ద ప్రశ్న ఎదురైంది: ఏ కాలానికి వెనక్కి తీసుకెళ్లాలి? 1750లకా, 1880లకా? ఏ ఒక్కదాన్ని ఎంచుకున్నా మిగతావి చెరిపేయాల్సిందే. అందుకని ఇల్లు తమ చేతికి ఎలా వచ్చిందో అలాగే నిలపాలని నిర్ణయించారు. ఇది చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. వాన నీరు లోపలికి దిగకూడదు, పైకప్పు గచ్చు రాలకూడదు, అయినా పాతదాని మీద కొత్త మెరుగు పడకూడదు. కొత్తగా కట్టడం కన్నా ఇదే కష్టమని నేను నమ్ముతాను. ఒక గది తలుపు చట్రం మీద డ్రేటన్ పిల్లల ఎత్తు కొలిచిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్క పూత రంగు వేసి ఉంటే అవి పోయేవి.

అదే ఆవరణలో, చెట్ల కింద ఒక శ్మశానం ఉంది. 1790 ప్రాంతం నుంచి అక్కడ నల్లజాతివాళ్లను ఖననం చేస్తున్నారు. చాలా సమాధులకు రాయి కూడా లేదు. రిచ్‌మండ్ బోవెన్స్ 1908లో ఈ నేల మీదే పుట్టాడు. ఆయన పూర్వికులు ఇక్కడ బానిసలు. వృద్ధాప్యంలో తిరిగొచ్చి, ఈ మేడ గేటు దగ్గర పనిచేస్తూ, వచ్చినవాళ్లకు తనవాళ్ల కథలు చెప్పేవాడు. ఆయన జ్ఞాపకాలను రికార్డు చేసి దాచారు. దూలంలోని వలయాల్లాగే అవీ ఈ ఇంటి చరిత్రకు ఆధారాలే. శ్మశానాన్ని చదును చేసి పూలమొక్కలు పెట్టకండి, అలాగే ఉండనివ్వండి అని కోరాడు. 1998లో ఆయన్నీ అక్కడే పూడ్చారు. ఇప్పుడు ఆ శ్మశానం ప్రవేశ ద్వారం మీద ఆయన కోరికే రాసి ఉంది: వాళ్లను అలా విశ్రమించనివ్వండి.

మేడ చూశాక కారెక్కేయకండి. అక్కడిదాకా నడిచి రండి.